నల్లమల మంటల లెక్క అడగాల్సింది ఇప్పుడే

సంపాదకులకు నమస్కారం.

వానలు పడి నల్లమల పచ్చబడగానే మంటల మాట అందరం మరిచిపోతాం. మళ్లీ ఎండాకాలంలో శ్రీశైలం ఘాట్ పక్కన పొగ లేచినప్పుడు ఫొటోలు, ఆవేదనలు మొదలవుతాయి. అప్పుడు అడిగి లాభం లేదు. వచ్చే వేసవిలో ఎంత అడవి కాలుతుందన్నది చాలావరకు డిసెంబరు, జనవరి నెలల్లోనే తేలిపోతుంది. అందుకే ఈ ఉత్తరం ఇప్పుడు రాస్తున్నాం.

ఫైర్‌లైన్ల సంగతే తీసుకోండి. మంట అవతలికి దాటకుండా అడవిలో గడ్డీ ఆకూ తీసేసి వదిలే ఖాళీ గీతలివి. బోద గడ్డి పూర్తిగా ఎండకముందే గీత అంచులు రెండూ చెక్కి, మధ్యలోని గడ్డినీ ఆకునూ గాలి లేని పూట కాల్చేయాలి. జనవరి ఆఖరుకు ఈ పని అయిపోవాలి. ఫిబ్రవరి దాటాక మొదలుపెడితే మధ్యాహ్నపు గాలికి గీతలో పెట్టిన నిప్పే అడవిలోకి పాకుతుంది. వేళకు చేసినా పని అక్కడితో అయిపోదు. టేకు ఆకు బాగా రాలేది ఆ తర్వాతే. జనవరిలో అద్దంలా ఊడ్చిన గీత మార్చికల్లా ఎండాకుతో కప్పుకుపోతుంది, మంట ఆ ఆకు పట్టుకుని అవతలికి దాటుతుంది. సీజన్‌లో మరో రెండు మూడు సార్లు ఊడిస్తే తప్ప ఆ గీత ఉన్నా లేనట్టే. అంచనాలో ఒక్క చెక్కుడుకే డబ్బు రాస్తే కిలోమీటర్ల లెక్క సరిపోతుంది, బిల్లు పాసవుతుంది, అడవి కాలుతుంది. కాబట్టి ఎన్ని కిలోమీటర్లు గీశారని కాదు, ఏ గీతను ఏయే తేదీల్లో ఎన్నిసార్లు ఊడ్చారని అడగాలి.

ఇక డబ్బు. మంటల కాలం ఫిబ్రవరి నుంచి జూన్ దాకా. ఆ నడుమనే మార్చి 31 వస్తుంది. పాత బడ్జెట్ మూతపడి, కొత్త మంజూరు కింది దాకా దిగేలోపు ఏప్రిల్ గడిచిపోతే మంటల కాపలాకు పెట్టుకునే ఫైర్ వాచర్ల కూలి, గాలితో ఎండాకు ఊడ్చే బ్లోయర్ల పెట్రోలు ఎవరి జేబులోంచి రావాలి? అడవి మంటల నివారణకు ఉన్న కేంద్ర పథకంలో మన రాష్ట్రాలకు కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40 శాతం. రాష్ట్రం తన వాటా కలపడంలో జాగు చేస్తే కేంద్రం ఇచ్చిందీ వేళకు బీట్‌కు, అంటే అడవిలో అట్టడుగు కాపలా పరిధికి, చేరదు. ఈ ఐదు నెలల ఖర్చును రెండు ఆర్థిక సంవత్సరాలకు ముక్కలు చేయకుండా డిసెంబరులోనే డీఎఫ్‌వో (అటవీ అధికారి) ఖాతాకు పంపే ఏర్పాటు కావాలి. దీనికి ఆర్థికశాఖ కూడా జవాబుదారీయే. నింద మాత్రం ఎప్పుడూ బీట్ ఆఫీసర్ దగ్గరే ఆగిపోతుంది.

2024 మే నెలలో ఉత్తరాఖండ్ మంటల కేసులో సుప్రీంకోర్టు ఆ రాష్ట్రాన్ని అడిగినవి ఇలాంటి ప్రశ్నలే. ఇచ్చిన నిధులు పూర్తిగా ఎందుకు ఖర్చు చేయలేదు, మంటల వేళ అటవీ సిబ్బందిని ఎన్నికల డ్యూటీకి ఎందుకు పంపారు అని నిలదీసింది. మరుసటి నెలే బిన్సర్ అభయారణ్యంలో మంటలార్పబోయిన అటవీ సిబ్బంది ప్రాణాలు పోగొట్టుకున్నారు.

సమాచారం అందడం లేదన్న సాకు ఇప్పుడు చెల్లదు. ఉపగ్రహాలు పట్టిన మంటల సంకేతాలు మన షాద్‌నగర్ కేంద్రంలోనే దిగుతాయి. అక్కడి నుంచి డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థకు వెళ్లి, ఎస్ఎంఎస్‌గా మళ్లీ మన అడవులకే వస్తాయి. అయితే వీటికీ పరిమితులున్నాయి. ఉపగ్రహాల్లో ఉండి మంటల వేడిని పట్టే విర్స్ (VIIRS) పరికరం మన మీదుగా వెళ్లేది సుమారు పగలు ఒంటిగంటన్నరకు, మళ్లీ రాత్రి ఒంటిగంటన్నరకు. సాయంత్రం నాలుగింటికి అంటుకున్న మంట దాని కంటబడేసరికి అర్ధరాత్రి దాటుతుంది. పొలంలో కాల్చిన చెత్త కూడా ఒక్కోసారి అలర్ట్‌గా రావచ్చు. అందుకే ప్రతి అలర్ట్‌కూ కింది నుంచి జవాబు వెళ్లాలి. మెసేజ్ ఎప్పుడు అందింది, మనిషి ఎప్పుడు చేరాడు, అది నిజం మంటేనా, ఎప్పుడు ఆరింది అన్న నాలుగు ముక్కలు చాలు. ఏ రేంజ్‌లో (కొన్ని బీట్లు కలిసిన అటవీ పరిధిలో) ఎన్ని అలర్ట్‌లకు జవాబు రాలేదో తెలిస్తే, లోపం మనుషుల కొరతదో, బండి లేకపోవడందో, నిర్లక్ష్యందో బయటపడుతుంది.

నష్టం లెక్క మరీ విడ్డూరం. విర్స్ చూపే ఒక్కో గడి 375 మీటర్ల చదరం, అంటే దాదాపు 14 హెక్టార్లు. అందులో ఒక మూల కాలినా అలర్ట్ ఒకటే, మొత్తం కాలినా ఒకటే. అలర్ట్‌లు లెక్కపెట్టి కాలిన విస్తీర్ణం చెప్పడం కుదరదు. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగానే దొరుకుతున్నాయి. మంటకు ముందువీ తర్వాతవీ పక్కపక్కన పెట్టి, మనిషి వెళ్లి చూసి, కంపార్ట్‌మెంట్ల (అటవీశాఖ అడవిని విభజించిన ముక్కల) వారీగా కొలవవచ్చు. కాలింది ఎండు గడ్డీ ఆకులే, నష్టం ఏమీ లేదని రాసి ఫైలు మూసేయడం ఇక మానాలి. మన అడవుల్లో ఎక్కువగా వచ్చేది నేలమంట. పెద్ద చెట్లు తట్టుకుంటాయి. పోయేది ఆ ఏటి మొలకలు, రాలిన గింజలు, నేల మీది గుడ్లు, తొలి వానకు మట్టిని పట్టి ఉంచే ఆకు పొర. గనికో రోడ్డుకో అడవి ఇచ్చేటప్పుడు హెక్టారుకు లక్షల రూపాయల నికర వర్తమాన విలువ (పోయే అడవి ఇచ్చే ప్రయోజనాలకు కట్టే ధర) వసూలు చేసే ప్రభుత్వానికి, అదే అడవి కాలితే విలువ సున్నా ఎలా అయింది? కాలినంత మాత్రాన అడవి మొత్తం పోయినట్టు కాదు, నిజమే. ఆ విలువలో ఎంత భాగాన్ని నష్టంగా కట్టాలో నిర్ణయించి రాయండి.

నిప్పు ఎవరు పెట్టారన్న గడిలో ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అని రాస్తే ఏ పనీ సాగదు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు. అక్కడ వలలు ఇస్తే కాల్చాల్సిన అవసరమే ఉండదు. తునికాకు కొత్త చిగుళ్ల కోసం నిప్పు పెడితే ఆ ఆకు సేకరణ యూనిట్ కాంట్రాక్టర్ డిపాజిట్‌లో కోత పెట్టాలి, నిప్పుకు బదులు చిగుళ్ల కోసం కొమ్మ కొట్టే పనికి కూలి ముందే ఇప్పించాలి. శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం నడిచివెళ్లే దారుల్లో వంటకు చోట్లు గుర్తించి, చుట్టూ చెక్కి, నీళ్ల డ్రమ్ములు పెట్టాలి. చెంచులను అనుమానితులుగా చూడటం మాని, అటవీ హక్కుల చట్టం గ్రామసభకిచ్చిన సంరక్షణ అధికారంతో పాటు ఆ పనికి కూలి కూడా ఇవ్వాలి. అడవిలో గాలి ఎటు తిరుగుతుందో వాళ్లకు తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు.

బ్లోయర్ల గురించి ఒక మాట. కొనుగోలు మీద ఉన్న శ్రద్ధ నిర్వహణ మీద ఉండదు. టూ-స్ట్రోక్ ఇంజనులో చెప్పిన పాళ్లలో ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. బూడిదలో వాడి ఎయిర్ ఫిల్టర్ దులపకపోతే అసలు పని మీదే ఆగిపోతుంది. జనవరిలో ప్రతి యంత్రాన్నీ నడిపి చూసి, నడవనివాటిని రిజిస్టరులో రాయాలి.

వీటికి కొత్త చట్టం అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం ఎవరూ అడగకుండానే వివరాలు బయటపెట్టాల్సిన బాధ్యత ప్రభుత్వ కార్యాలయాలకు ఉంది. ఊడ్చిన ఫైర్‌లైన్ల తేదీలు, వాచర్ల సంఖ్య, వారికి కూలి అందిన తేదీ, అలర్ట్‌లకు ఇచ్చిన జవాబులు, కాలిన విస్తీర్ణం, కట్టిన నష్టం రేంజ్‌ల వారీగా శాఖ వెబ్‌సైట్‌లో, రేంజ్ ఆఫీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి. ముందుగా గత సీజన్‌ వివరాలు ఈ డిసెంబరులోపు పెట్టించే బాధ్యత రెండు రాష్ట్రాల అటవీ మంత్రులు తీసుకోవాలి.

ఇట్లు,
అడవి పని తెలిసిన పాఠకులు,
ఆత్మకూరు, నంద్యాల జిల్లా