యాక్సిల్ ఎందుకు విరిగిందో ముందు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

జీపులను ఆఫ్‌రోడ్‌కు సిద్ధం చేసుకునే కుర్రాళ్ల గురించి పోయిన ఆదివారం మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. పెద్ద టైర్లు, ఎత్తు పెంచిన కమాన్లు (స్ప్రింగు పట్టీలు), ముందు బంపరుకు బండిని తాడుతో లాగే విన్చ్, ఫొటోలు బాగున్నాయి. చక్రాలు తిరిగే ఇరుసుల, అంటే యాక్సిళ్ల గురించి మాత్రం బలమైనవి వేయించుకోవాలని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఆ ఒక్క ముక్క నమ్మి లక్షలు పట్టుకుని నా షెడ్డుకు వచ్చేవాళ్లున్నారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను గాజువాక ఆటోనగర్‌లో జీపు హౌసింగుల పని చేస్తాను. యాక్సిల్‌లో చక్రాన్ని తిప్పే కడ్డీ షాఫ్ట్, దాని చుట్టూ ఉండే ఇనుప తొడుగు హౌసింగు. నా దగ్గరికి వచ్చే బళ్లలో ఎక్కువ అరకు, బొర్రా, పాడేరు, చింతపల్లి వైపువే. కటికి జలపాతానికి టూరిస్టులను తీసుకెళ్లే పాత మహీంద్రాలు, సంతలకు సరుకునూ మనుషులనూ మోసే కమాండర్లు, ఈమధ్య సరదాకు కొన్న థార్లు, జిమ్నీలు.

షాఫ్ట్ విరిగిందంటూ బండి వస్తే నేను మొదట అడిగేది ఆ విరిగిన ముక్క. చాలామంది దాన్ని కొండమీదే పారేసి వస్తారు. దయచేసి పారేయకండి. విరిగిన చోట కొంత భాగం నున్నగా, నల్లబడి, వరసగా గీతలు పడి, మిగతాది గరుకుగా మెరుస్తూ ఉంటే ఆ పగులు నిన్నటిది కాదు. తుప్పు తిన్న చోటో, బేరింగు కూర్చునే చోట పడిన గాటు దగ్గరో మొదలై, లోపల్లోపల పెరుగుతూ వచ్చి చివరికి తెగింది. అలాంటి బండికి అదే కొలత, కంపెనీ షాఫ్ట్ చాలు. కాకపోతే రెండు వైపులా మార్చాలి. రెండోది కూడా అదే వయసుది, అదే బరువు మోసింది కదా. అలా కాకుండా తెగిన చోటంతా గరుకుగా ఉంటే అది ఒక్క దెబ్బకు పోయినట్టు. చక్రం గాల్లో లేచి గిర్రున తిరుగుతున్నప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీయకుండా బండరాయి మీదకు దించితే ఇలా అవుతుంది. దీనికి మందు డ్రైవరు కాలులో ఉంది. ఇక షాఫ్ట్ చివరి పళ్లు మెలితిరిగి ఉన్నాయంటే అది తన శక్తికి మించి మోస్తోందని అర్థం. పెద్ద యాక్సిల్ మాట అప్పుడు మాట్లాడుకోవచ్చు.

అప్పుడైనా ముందు టైర్లవైపు చూడాలి. చక్రం జారిపోయేదాకా షాఫ్ట్ మీద పడే మెలి మూడింటిని బట్టి ఉంటుంది: ఆ చక్రం మోస్తున్న బరువు, నేల పట్టు, టైరు ఎత్తు. 28 అంగుళాల టైరు తీసి 31 అంగుళాలది వేస్తే ఆ మెలి దాదాపు పదకొండు శాతం పెరుగుతుంది. గేరు లాగే బలం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. హౌసింగు మధ్యలో షాఫ్ట్‌లను తిప్పే పళ్ల చక్రాల జతే క్రౌన్ పినియన్. దాని నిష్పత్తి 4.88 అంటే పినియన్ 4.88 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 4.88 క్రౌన్ పినియన్ ఉన్న జీపు 4.4 ఉన్నట్టు నడుస్తుంది, ఘాట్‌లో క్లచ్ మాడుతుంది. ఇంత చేసి హౌసింగు కింద దొరికే ఎత్తు ఒకటిన్నర అంగుళం. ఎత్తు కమాన్లు వేయించినవాళ్లు ఒకసారి కిందకు వంగి చూడండి. బాడీ లేచింది కానీ హౌసింగు నేలకు ఎంత దూరంలో ఉండేదో అంతే ఉంది. దాన్ని పైకి లేపేది టైరు ఒక్కటే. ఆ ఒకటిన్నర అంగుళం మీ దారికి నిజంగా కావాలా అన్నది ముందు తేల్చుకోండి. కటికి దారిలో కంపెనీ కొలత టైర్లతో తిరిగే జీపులను నేను చూస్తూనే ఉన్నాను.

"మేస్త్రీ గారూ, ఎంతైనా పర్లేదు, ఇక జన్మలో విరగనిది వేసెయ్యండి" అంటాడు ఓ కుర్రాడు. బాబూ, విరగనిది ఉండదు. షాఫ్ట్ గట్టిదైతే విరిగే చోటు పక్కకు జరుగుతుంది. ముందు చక్రాల షాఫ్ట్‌లను కలిపే జాయింట్ క్రాసులు పోతాయి, లేదంటే క్రౌన్ పినియన్ పళ్లు రాలతాయి. ఇంట్లో ఫ్యూజు ఎగిరిందని లావు తీగ చుడితే ఎక్కడ కాలుతుందో మనకు తెలుసు. షాఫ్ట్ దారిలో మార్చుకోవచ్చు, క్రౌన్ పినియన్‌ను మార్చలేం. అందుకే స్పేరు షాఫ్ట్ ఒకటి బండిలో పెట్టుకోమంటాను. రెండు పక్కల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌కు, ఆ రెంటినీ కలిపి బిగించే లాకర్ పెట్టించుకునేవాళ్ల సంగతి వేరు. రెండో చక్రం గాల్లో ఉంటే ఇంజను బలమంతా నేలను పట్టుకున్న ఒక్క చక్రం షాఫ్ట్ మీదకే వస్తుంది. లాకర్ పెట్టాలనుకుంటే షాఫ్ట్‌ల సంగతి దానికంటే ముందే చూసుకోవాలి.

వేరే బండి హౌసింగు తెచ్చి బిగించడం ఇప్పుడు ఫ్యాషన్ అయింది. క్రౌన్ పినియన్‌ది వెనక ఒక నిష్పత్తి, ముందు ఒక నిష్పత్తి ఉన్న ఫోర్‌వీల్ జీపులు నా దగ్గరికి వచ్చాయి. పొడి రోడ్డు మీద ఫోర్‌వీల్ వేయగానే ముందు చక్రాలు ఒకలా, వెనకవి ఒకలా లాగి, ఇంజను బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ముక్కలవుతుంది. క్రౌన్ పినియన్ మారిస్తే ముందూ వెనకా కలిపే మార్చాలి. లేదా ముట్టుకోకూడదు. పైగా చట్టం ఒకటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్ణయించినదానికి విరుద్ధంగా బండిని మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అలా మార్చిన ఓనరుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. విరిగిన షాఫ్ట్ స్థానంలో అదే షాఫ్ట్ వేయడానికి ఈ భయం లేదు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది వెల్డింగ్. విరిగిన షాఫ్ట్‌ను అతికించి, లేత్ మీద నున్నగా తిప్పి, మళ్లీ బిగించి మనుషులను ఎక్కిస్తున్నారు. షాఫ్ట్‌కు వేడి పెట్టి గట్టిదనం ఎక్కించి ఉంటారు. వెల్డింగ్ వేడి తగిలితే ఆ గట్టిదనం చెడుతుంది. అతుకు పక్కనే పెళుసైపోయి మళ్లీ అక్కడే తెగుతుంది. వెనక సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్ ఉన్న జీపుల్లో షాఫ్టే బండి బరువు మోస్తుంది. బేరింగుకు బయట తెగిందంటే చక్రంతో సహా ఊడి వచ్చేస్తుంది. ఫుల్ ఫ్లోటింగ్‌లో చక్రం బిగించే హబ్బు వేరే బేరింగుల మీద ఉంటుంది కాబట్టి షాఫ్ట్ తెగినా చక్రం నిలుస్తుంది. యుద్ధకాలం నాటి విల్లీస్ జీపుకు వెనక కూడా ఫుల్ ఫ్లోటింగే. రోజూ మనుషులను ఘాట్ ఎక్కించే బండికి అప్‌గ్రేడ్ అంటూ ఉంటే, చట్టబద్ధంగా దొరికితే, నా ఓటు దీనికే. పెద్ద టైర్లకు కాదు.

హౌసింగే వంగిపోతే రిపేరు మీద ఆశ పెట్టుకోకండి. వెనక టైర్లు లోపలి అంచున అరుగుతుంటే, ఆయిల్ సీలు మార్చిన నెలకే మళ్లీ కారుతుంటే ముందు అదే అనుమానించాలి. వంగినదాంట్లో ఎన్ని కొత్త షాఫ్ట్‌లు వేసినా తినేస్తుంది. అదే కొలత మంచి హౌసింగు వెతుక్కోవడం మేలు.

చవకలో అయ్యే పని ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు. హౌసింగు మీద గాలి పోయే బ్రీదర్ ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే, వేడెక్కిన హౌసింగు గెడ్డ నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని సీలు సందుల్లోంచి నీళ్లు లాక్కుంటుంది. 90 నంబరు ఆయిల్ తెల్లగా, నురగగా మారుతుంది. బేరింగులు, క్రౌన్ పినియన్ అక్కడి నుంచే పాడవుతాయి. బ్రీదర్‌కు ఒక రబ్బరు ట్యూబు తగిలించి ఛాసిస్ పైకి తీసుకెళితే సరిపోతుంది. వానాకాలం అయ్యాక ఒకసారి ఆయిల్ దించి చూసుకోవాలి.

రవాణా శాఖ వారికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ ఉంది. ఆ రోజు వెనక చక్రాలు జాకీ మీద లేపి హబ్బు వదులై ఆడుతోందేమో చూడండి, డ్రెయిన్ నట్టు వదులు చేసి ఆయిల్ రంగు చూడండి. అనుమానం ఉంటే షాఫ్ట్ బయటకు లాగించండి, వెల్డింగ్ కనబడితే ఆ బండిని ఆపేయండి. ఈ పరీక్ష టూరిస్టు సీజన్‌కు ముందు, అక్టోబరులోనే, అరకులోనూ పాడేరులోనూ క్యాంపు పెట్టి చేస్తే జీపు ఓనర్లకు దూరం వెళ్లే పని తప్పుతుంది. కొత్త షాఫ్ట్ జత కొనలేక వెల్డింగ్‌కు పోతున్న గిరిజన డ్రైవర్లకు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ నుంచి చిన్న రుణం ఇప్పించండి. అలాంటి క్యాంపు పెడితే ఆటోనగర్ నుంచి వచ్చి కూలి తీసుకోకుండా హౌసింగులు విప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక జీపు మెకానిక్,
ఆటోనగర్, గాజువాక, విశాఖపట్నం