దసరా రంగుల బంతుల పెట్టెలను వెనక్కి తీసుకుంటున్నాం

పిల్లలు బంతులను గిన్నెల్లోకి వేరుచేస్తూ ఆడుకోవడానికి దసరా సెలవులకు అందిస్తామని మాట ఇచ్చిన రంగుల బంతుల పెట్టెలు ఈసారి రావడం లేదు. ఇప్పటికే పంపిన 31 పెట్టెలను కూడా తిరిగి పంపమని కోరుతున్నాను. ఏళ్ల తరబడి మా దగ్గరే కొంటున్న మీకు 'సరుకు లేదు' అన్న ఒక్క ముక్క చెప్పి ఊరుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు.

మా పెట్టెలో నాలుగు గిన్నెలు, ఏటికొప్పాక పద్ధతిలో అంకుడు కర్రతో చేసి లక్క పట్టించిన 24 బంతులు ఉంటాయని మీకు తెలుసు. బంతులను 46 మిల్లీమీటర్ల వ్యాసంతో చేయాలని, వాటిని చేసేవారికి కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. లావు కొమ్మలు దొరకలేదని, మాకు ఒక్క మాటైనా చెప్పకుండా, వారు 38 మిల్లీమీటర్లకే చేసి పంపారు. మొదటి బస్తాను నేను కొలవలేదు. ఆ 31 పెట్టెలు మీ ఇళ్లకు చేరడం నా తప్పే. రెండో బస్తా విప్పి, 44.5 మిల్లీమీటర్ల కొలత రింగు మీద ఒక పసుపు బంతిని పెట్టగానే అది ఎక్కడా ఆగకుండా జారి, కింద ఉన్న గిన్నెలో టక్కున పడింది.

పిల్లలు మింగేంత చిన్న ముక్కలను పట్టుకునే పరీక్షకు వాడే 31.7 మిల్లీమీటర్ల గొట్టంలో ఈ బంతి పట్టదు కదా అని చేసినవారు వాదించారు. నిజమే, పట్టదు. కానీ నున్నటి గుండ్రని వస్తువు గొంతులోకి జారితే గాలి పోయే సందు కూడా లేకుండా మూసేస్తుంది కాబట్టి, మూడేళ్ల లోపు పిల్లల బంతులకు ఆ పెద్ద రింగే కొలమానం; అందులోంచి జారిపోయే బంతి వాళ్లకు పనికిరాదు. 'మూడేళ్లు దాటినవారికి' అని హెచ్చరిక చీటీ అతికించి అమ్ముకోమని కూడా సలహా ఇచ్చారు. ఆ మాట నన్ను నాలుగు రాత్రులు నిద్రపోనివ్వలేదు, ఎందుకంటే నియమం ప్రకారం అందులో తప్పు లేదు, పెట్టిన డబ్బూ తిరిగి వస్తుంది. అయితే అక్క గిన్నెల్లో సర్దుతున్న బంతి దొర్లిపోతే, పాకుతూ వచ్చే తమ్ముడు చీటీ చదవడు. అందుకే అమ్మకూడదని నిశ్చయించుకున్నాను.

ప్లాస్టిక్ బంతులు పెట్టమని కొందరు శ్రేయోభిలాషులు సూచించారు. ఆ పని నేను చేయను. కర్ర బరువు, లక్క నునుపు చేతికి తెలియాలనే ఈ పెట్టె మొదలుపెట్టాను. సగం బంతులకు గీత వేయించడానికీ కారణం ఉంది: రంగును బట్టి వేరుచేసిన మూడేళ్ల పిల్లను ఇప్పుడు గీతను బట్టి వేరుచేయమంటే చాలాసార్లు మళ్లీ రంగు దగ్గరికే వెళుతుంది, నాలుగైదేళ్లు వచ్చేసరికి ఆ మార్పు పట్టుబడుతుంది. ఆ మలుపును కళ్లారా చూడాలని కొనే తల్లిదండ్రులకు నేను చవక సరుకు ఇవ్వలేను.

తిరుగు పార్సిల్ ఖర్చు మాదే. పూర్తి డబ్బు కావాలో, కొత్త పెట్టె కావాలో మీరే చెప్పండి. కొత్త బంతులను ఇంకొకరి దగ్గర చేయిస్తున్నాం. ప్రతి బంతినీ నేనే రింగుతో చూస్తాను, తేదీ మాత్రం అవి చేతికి వచ్చాకే చెబుతాను. అందాకా పిల్లలకు చెంచాలు, గిన్నెల మూతలు, ఉతికిన సాక్సుల జతలు ఇచ్చి వేరుచేయించండి. చింతపిక్కలు, శనగలు మాత్రం మూడేళ్ల లోపువారి చేతికి ఇవ్వకండి.