వాల్ థోరెన్స్ స్కీ ట్రిప్: బుక్ చేసే ముందు చదవండి

అందరికీ నమస్కారం. ఫ్రాన్స్ ఆల్ప్స్ కొండల్లోని ఈ ఊరే 2,300 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి మంచు గురించి బెంగ అక్కర్లేదు, తేదీలే ముఖ్యం. ఫిబ్రవరిలో ఫ్రాన్స్ స్కూళ్లకు సెలవులు, రేట్లూ క్యూలూ రెండూ ఎక్కువే. పిల్లలున్నవాళ్లకు మార్చి నయం, జనవరి చలికి తట్టుకోలేరు.

ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు షెంజెన్ వీసాకి 6 నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. వీసా కోసం తీసుకునే ఇన్సూరెన్స్‌లో స్కీయింగ్ ఉందో లేదో తప్పకుండా చూడండి. దెబ్బ తగిలితే కొండ మీద నుంచి దింపిన ఖర్చు మనమే కట్టాలి. కొండ మీదికి తీసుకెళ్లే లిఫ్ట్‌ల పాస్‌తో పాటు రోజు లెక్కన అమ్మే 'కారే నేజ్' ఇన్సూరెన్స్ దీనికోసమే.

రైలు మూతియే దాకా, అక్కణ్ణుంచి బస్సు.

అద్దె బూట్ల దగ్గర మాత్రం తొందరపడొద్దు. పల్చటి పొడుగు సాక్సు ఒక్క జతే వేసుకోండి. రెండేస్తే పాదం బిగిసి, రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందుకు తాకాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి రావాలి, మడమ లేవకూడదు. థర్మల్ ప్యాంటు అంచు బూటులోకి దూరిందా, మధ్యాహ్నానికల్లా పిక్క కమిలిపోతుంది.

ఇక్కడ చెట్లుండవు. మబ్బు పడితే నేలా ఆకాశం ఒకే తెలుపు, ముందున్న గుంట కూడా కనబడదు. మబ్బు రోజులకి లేత రంగు ఎస్1 లెన్స్ గాగుల్స్ విడిగా తెచ్చుకోండి.

మొదటి రాత్రి తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మామూలే. నీళ్లు బాగా తాగండి, మద్యం వద్దు. 3,200 మీటర్ల సీమ్ కారోన్ శిఖరం మూడో రోజుకి పెట్టుకుందాం. తలనొప్పి పెరిగి వాంతులైతే ఆగకుండా కిందికి దిగి డాక్టర్‌కి చూపించాలి.

తేదీలు ఆదివారంలోపు చెప్పండి.