పిట్టల మిక్స్ ఇప్పట్ల ఇయ్యను, ఎందుకో చెప్తున్న

అన్నలూ, అక్కలూ, నమస్తే. హన్మకొండ షాపుకొచ్చి పిట్టల గింజలు అడిగి ఉత్త చేతులతోని పోతున్నరు, ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నయ్, ఒక్కొక్కరికి చెప్పే బదులు అందరికి ఒక్కసారే రాస్తున్న. కొర్రలు, సజ్జలు, నూకలు కలిపి ఇచ్చే మిక్స్ కొన్నాళ్లు ఉండదు. గింజలు పోసి కట్టే ఫీడర్లు, నీళ్లు పెట్టే మట్టి మూకుళ్లు ఎప్పటిలెక్కనే ఉన్నయ్.

సంగతేందంటే, షాపు పెట్టినకాడి నుంచి నాకు ఒకడే సప్లయర్. ఈసారి వచ్చిన బస్తా మూతి విప్పంగనే ముక్కిన వాసన కొట్టింది. మోచేతి దాక చెయ్యి పెట్టి చూస్తె లోపల వెచ్చగున్నది, కొర్రలు ఉండలు కట్టినయ్, ఒక ఉండ చిదిపితే ఆకుపచ్చ బూజు పొడి వేళ్లకు అంటింది. ఎక్కడనో తడిసింది, అట్లనే కుట్టి పంపిండు. ఫోన్ చేస్తె ఏమన్నడో తెలుసా, "ఎండల పోసి జల్లెడ పట్టి అమ్ముకో, పిట్టలకేమైతది, మనుషులు తినేదా అది" అన్నడు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడ్తలేదు. తడిసిన గింజల మీద ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పడితె అఫ్లాటాక్సిన్ అనే విషం తయారు కావచ్చు, పక్షుల లివర్‌ని అది దెబ్బకొడ్తది. ఎండల పోస్తె బూజు ఎండిపోతదేమో గని విషం పోదు, వండినా మొత్తం పోదు. గుప్పెట్ల ఇమిడే పిచ్చుకకు అది ఎంత కావాలె చెప్పండి.

సీజన్ నడుమ మాల్ లేదంటె గిరాకీ పక్క షాపుకు పోతది, ఒకసారి పోయినోళ్లు మళ్ల వస్తరో రారో తెల్వదు. సగం మంచియి సగం ఇవి కలిపి లాగియ్యి అని ఇంట్ల కూడ ఒకరు అన్నరు. నిద్ర పట్టలే. రంగు గింజల ప్యాకెట్లు దొరుకుతయ్, అవన్న తెచ్చి పెడ్దామా అనిపించింది, కాని ఆ రంగు మన కండ్ల కోసం వేసింది, పిట్టకు దాంతోని పనిలేదు. ఆఖరికి బస్తాలన్నీ వాపస్ పంపిన, పైసలు ఇంక రాలేదు, రాకపోయినా ఆ మనిషి గడప మాత్రం తొక్క.

ఫీడర్ ఖాళీగుంటె మా పిట్టలు ఆకలికి సస్తయా అని శానమంది అడుగుతున్నరు. సావయ్. పిచ్చుకలు ఒక్క ఇంటినే నమ్ముకోని ఉండయ్, గడ్డి గింజలు, కిరాణం ముంగట పడ్డ నూకలు, చెత్తకుప్ప, అన్నీ చూసుకుంటనే తిరుగుతయ్, పిల్లలకైతే ఎక్కువగ పురుగులే పెడ్తయ్. అమెరికాల విస్కాన్సిన్ల చికడీలనే చిన్న పిట్టల మీద చేసిన పరిశోధన 1992ల అచ్చయింది, ఏండ్ల సంది ఫీడర్ అలవాటున్న పిట్టలకు అది తీసేసినా, ఫీడర్ అసలే ఎరగని పిట్టలంతనే చలికాలం దాటి బతికినయ్.

ఇంకో మాట, ఇది నాకు బాధైన మాట. "మీ ఫీడర్ వేస్ట్, ఒక్క పిట్ట వస్తలేదు" అని ఒకరిద్దరు అన్నరు. ఫోటో పంపమంటె చూసిన, గ్రిల్ లోపల, స్లాబ్ కింద చీకట్ల కట్టిండ్రు. పిచ్చుక తిండిని కండ్లతోనే వెతుక్కుంటది, పైకెళ్లి పోయేటప్పుడు గింజ కనబడాలె, పక్కన వేప కొమ్మనో జామ చెట్టో ఉంటె వాలి కాసేపు చూసి దిగుతది. కొత్త వస్తువంటె భయం గూడ ఉంటది, అందుకే మొదట్ల గోడ మీద నాలుగు గింజలు చల్లమని చెప్తుంట. ఒక్కటి ధైర్యం చేసి దిగితె చాలు, మిగిలినయ్ దాన్ని చూసి వస్తయ్. తిండి పొడి పొడిగ, పంచుకునేటట్టు ఉంటె మొదటి పిచ్చుక కిచకిచమని జతను పిలుస్తది, ఒకటే ముక్క ఉంటె పిలుసుడు తక్కువ, ఇది 1986లనే పరిశోధనల తేలింది. పాలపిట్ట వస్తలేదని గూడ ఒకాయన అన్నడు, సార్, అది పురుగులు తినే పిట్ట, గింజలకు రాదు.

ఖాళీగున్నప్పుడే ఫీడర్ విప్పి సబ్బుతోని కడిగి, మంచిగ ఎండనియ్యండి. అడుగున పాత గింజలు అంటుకోని ఉంటె గీకి పారేయండి.

పాలమూరు దిక్కు కొర్రలు పండించే ఒక రైతుతోని మాట్లాడుతున్న, శాంపిల్ వచ్చినంక నేనే చూసి తెస్త, కిలోకు కొంచెం రేటు పెరుగుతది, ముందే చెప్తున్న. అడ్వాన్స్ ఇచ్చినోళ్లు షాపుకొస్తె వాపస్ ఇస్త, చీటీ లేకపోయినా సరే, నోట్‌బుక్కుల అందరి లెక్క రాసి పెట్టిన.