కత్తి కట్టకపోయినా బరి నిండుతుంది సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన సంక్రాంతికి మీ జిల్లా పేజీల్లో ఏ కోడిపందేల బరిలో ఎన్ని లక్షలు చేతులు మారాయి, ఏ బరికి ఏ వీఐపీలు వచ్చారు, ఎల్ఈడీ స్క్రీన్లు ఎక్కడ పెట్టారు అని మూడు రోజులూ రాశారు. దాని మీద ఉత్తరం రాయాలని అప్పట్నుంచీ ఉంది, ఈ జులైలో ఫ్రాన్స్‌లో ఆర్ల్ అనే ఊరు వెళ్ళొచ్చాక ఇక ఆగలేక రాస్తున్నా.

మా అమ్మాయి, అల్లుడు మార్సేయ్‌లో ఉంటారు, అక్కణ్ణుంచి ట్రైన్‌లో గంట ప్రయాణం. మన గోదారోళ్ళు యూరప్ వెళ్తే రోమ్‌లో కొలోసియం దగ్గర ఫోటో దిగి వచ్చేస్తారు గానీ ఆర్ల్ చూడాలండి. రోన్ నది సరిగ్గా ఆ ఊరికి ఎగువనే రెండు పాయలవుతుంది, ధవళేశ్వరం దగ్గర మన గౌతమి, వశిష్ఠ విడిపోయినట్టు. దిగువనంతా కమార్గ్ అని డెల్టా, వరిచేలు, ఉప్పు మడులు, పశువుల మందలు, దోమలు కూడా మనకి తీసిపోవు.

ఊరి మధ్యలో క్రీ.శ. 90 ప్రాంతంలో రోమన్లు కట్టిన రాతి బరి ఉంది. 136 మీటర్ల పొడవు, రెండంతస్తులు, అంతస్తుకి 60 కమానులు, 20 వేల మంది కూర్చునేవాళ్ళట. పెద్దమనుషులు కింద ముందు వరసల్లో, బీదాబిక్కీ పైన. మధ్యలో ఇసక మీద మనుషులు మనుషుల్నీ, జంతువుల్నీ పొడుచుకుని చస్తుంటే చూడ్డానికి అంత రాయి మోయించి కట్టారు! రోమన్ రాజ్యం కూలాక జనం రక్షణ కోసం ఆ గోడల్లోపలే 200 పైన ఇళ్ళు కట్టుకుని, నాలుగు బురుజులు లేపి వందల ఏళ్ళు కాపురాలు చేశారు, 1820ల్లో గానీ ఖాళీ చేయించలేదు. మూడు బురుజులు ఇంకా ఉన్నాయి, ఒకటెక్కితే రోన్ కనపడుతుంది.

మేం వెళ్ళింది జులై మొదటి సోమవారం, అదే బరిలో కొకార్డ్ దోర్ అనే పేరున్న పోటీ జరిగే రోజు. కమార్గ్ నల్ల ఎద్దుల్ని ఒక్కోదాన్నే వదుల్తారు, కొమ్ములకి చిన్న రిబ్బను, కుచ్చులు, దారాలు కట్టి ఉంటాయి, తెల్ల బట్టలేసుకున్న కుర్రాళ్ళు చేతిలో చిన్న కొక్కెంతో వాటిని లాగాలి, ఎద్దు తరిమితే చెక్క కంచె మీంచి అవతలకి దూకెయ్యాలి. ఎద్దుకి పావుగంట. షాపులవాళ్ళు మైకులో బహుమతి డబ్బు పెంచుతూనే ఉంటారు, జనం కేకలు, ఎద్దు బాగా ఆడితే బ్యాండు వాయిస్తారు. దెబ్బలు తగిలితే మనుషులకే, ఎద్దు మళ్ళీ తన మందలోకి వెళ్ళిపోతుంది, వాల్‌పోస్టర్ మీద పెద్దక్షరాల్లో ఉండేది ఎద్దు పేరు. బొకేర్ అనే ఊళ్ళో అయితే గోయా అనే ఎద్దుకి విగ్రహం కూడా పెట్టారు. ఆ ఎండలో రాళ్ళ మీద కూర్చుని కూడా ఒక్కడు లేవలేదండి.

అక్కడంతా మంచే అనట్లేదు. అదే బరిలో ఈస్టర్‌కీ, సెప్టెంబర్‌లో వరి పండక్కీ ఎద్దుల్ని చంపే ఆట కూడా ఆడతారు, తెగకుండా వస్తున్న స్థానిక సంప్రదాయం అయితే ఫ్రాన్స్ చట్టం ఒప్పుకుంటుంది. కోడిపందేలకీ అదే మినహాయింపు ఉంది, కొత్తగా బరి కట్టడం మాత్రం నేరం. మన దగ్గర 1960 జంతుహింస చట్టం, 1974 గేమింగ్ చట్టం రెండూ వద్దంటున్నా ప్రతి ఏడూ కొత్త బరులు లేస్తున్నాయి.

సంప్రదాయం అనేవాళ్ళని నేనొకటే అడుగుతా, కోడి కాలికి కత్తి కట్టని డింకీ పందెం కూడా మన సంప్రదాయమే కదా, దాన్నెందుకు వదిలేశారు? కత్తి కడితే నిమిషాల్లో తేలిపోతుంది, ఎక్కువ పందేలు పడతాయి, ఎక్కువ డబ్బు తిరుగుతుంది, అంతకి మించి కారణం నాకు కనపడలేదు. ఏడాదంతా బాదంపప్పు పెట్టి, ఈత కొట్టించి బిడ్డలా పెంచిన డేగ పుంజునో నెమలి పుంజునో రెండు నిమిషాల్లో చంపించుకోవడం ఏం గౌరవం సార్. ఆ కత్తి తగిలి పక్కనున్న మనుషులు పోయిన వార్తలూ మీ పేపర్లోనే చదివాం.

రక్తం లేకపోతే జనం రారంటారా? కనుమ రోజు మా కోనసీమలో జగ్గన్నతోటకి రండి. పదకొండు ఊళ్ళ ప్రభలు, అంటే దేవుణ్ణి పెట్టి రంగు గుడ్డలతో అలంకరించిన వెదురు కట్టడాలు, ఒక్కచోట చేరతాయి, కౌశిక ఏటి నీళ్ళలోంచి భుజాల మీద ప్రభని దాటిస్తుంటే గట్టు మీద కాలు పెట్టే చోటుండదు.

కాబట్టి వచ్చే సంక్రాంతికి పందెం డబ్బు లెక్కలు మానేసి, కత్తి లేకుండా నడిపే బరి ఏ ఊళ్ళో ఉన్నా దాని ఫోటో మొదటి పేజీలో వెయ్యండి, కోడి పేరు, పెంచినాయన పేరు రాయండి. బరులు వేసే పెద్దలు కూడా డిసెంబర్‌లోనే కూర్చుని మాట్లాడుకోవాలి, భోగి ముందు రోజు చెప్తే ఎవరూ వినరు.

ఇట్లు,
మీ పాఠకుడు,
రాజోలు, కోనసీమ జిల్లా