గోడకు కర్టెన్ కట్టి గది ఇచ్చారు

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరులో ఒక లాడ్జిలో, కిటికీ లేని గదిలో మేము గడిపిన రాత్రి గురించి రాస్తున్నాను. ఆ లాడ్జి పేరు రాయను. ఒక్క లాడ్జితో పోయే సంగతే అయితే అక్కడే గట్టిగా అడిగేసి ఇంటికి పోయేదాన్ని.

మాది ప్రకాశం జిల్లా టంగుటూరు. 31 ఏళ్లు ఏఎన్ఎంగా, అంటే ఊళ్లల్లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తగా చేసి రిటైరయ్యాను. మా ఆయనకు 71 ఏళ్లు. పొగాకు సీజను వచ్చిందంటే, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర రాత్రింబగళ్లు పొయ్యి ఎగదోస్తూ గడిపిన మనిషి. ఇప్పుడు ఆయాసం. నెల్లూరు పొగతోటలో ఊపిరితిత్తుల డాక్టరు గారి దగ్గర చూపించుకుంటున్నాం. పొద్దున ఏడింటికల్లా టోకెను తీసుకోవాలి. ఈయన్ని తెల్లవారుజామున లేపి బస్సెక్కించడం కుదిరే పని కాదు. అందుకని ముందు రోజు సాయంత్రమే వచ్చి లాడ్జిలో దిగుతాం. ఎప్పుడూ దిగే చోట ఈసారి ఖాళీ లేదన్నారు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఫోన్లోనే ఇంకో లాడ్జి మాట్లాడి, ఏసీ డబుల్ రూముకని 1,800 రూపాయలు ముందే పంపించాడు.

కౌంటర్లో ఆధార్ జిరాక్సులు తీసుకుని రిజిస్టర్లో సంతకం పెట్టించుకున్నారు. మూడో అంతస్తు. లిఫ్టు ఉంది. గది శుభ్రంగానే ఉంది. తెల్లటి దుప్పట్లు, గోడకు టీవీ, బాత్‌రూములో గీజరు. మంచం పక్క గోడకు ఈ మూల నుంచి ఆ మూల దాకా మెరూన్ రంగు కర్టెన్. ఆయనకు కాస్త గాలి తగులుతుందని కర్టెన్ పక్కకు లాగాను. వెనక గోడ. రంగు వేసిన ఉత్త గోడ. ఎక్కడన్నా రెక్క ఉందేమోనని చేత్తో తడిమి చూశాను. రెండో కొసకు పోయి అటు నుంచి కూడా లాగాను. అక్కడా అంతే. గది మొత్తానికి బయటి గాలి వచ్చే సందు ఒక్కటి లేదు. బాత్‌రూములో ఉన్న చిన్న ఫ్యాను కూడా లోపలి వరండాలోకే తెరుచుకుని ఉంది.

సంచి మోసుకొచ్చిన కుర్రాణ్ని అడిగాను, "ఏందబ్బాయ్ ఇది, కిటికీ ఏది?" అని. "ఈ వరసంతా ఇంతేనమ్మా. రోడ్డు పక్క రూములు నిండిపోయినయ్యి" అన్నాడు. ఆ పిల్లవాణ్ని ఏమనాలి? అప్పటికే రాత్రి తొమ్మిదిన్నర. ఆయన అలిసిపోయి మంచం మీద వాలిపోయారు. డబ్బులు ముందే కట్టేశాం. ఒక్క రాత్రే కదా అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను, ఎందుకంటే గాలి ఆడని గది రోగికి ఎంత చెడ్డదో నాకు తెలియనిది కాదు.

ఒంటిగంటన్నర ప్రాంతంలో కరెంటు పోయింది. మామూలు ఇంట్లో కరెంటు పోతే చీకటి అలా ఉండదు. ఆకాశపు వెలుగో, రోడ్డు మీద పోయే లారీ లైటో ఏదో ఒకటి లోపలికి పడుతుంది. అక్కడ కళ్లు తెరిచినా మూసినా ఒకటే. ఏసీ ఆగిపోయింది. కాసేపటికి జనరేటరు వేశారు గానీ లైటూ ఫ్యానే పనిచేశాయి. ఆ ఫ్యాను మేము వదిలిన గాలినే మళ్లీ మా మీదికి తిప్పుతోంది. ఆయన లేచి కూర్చుని, "ఏమే, తెల్లారిందా?" అన్నారు. రెండున్నర కూడా కాలేదు. ఇన్‌హేలరు ఇచ్చి, గడియారం చూసుకుంటూ ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి 30. పెద్దవాళ్లకు మామూలుగా 12 నుంచి 20 లోపు ఉండాలి.

తలుపు తీస్తే వరండాలో దోమల చక్రం పొగ. రెండు వైపులా గదులు, మధ్యలో సొరంగంలాంటి దారి. దాని కొసన మెట్ల దగ్గర గోడలో పైన చిన్న వెంటిలేటరు కనపడింది. గదిలో కుర్చీ లాక్కుపోయి దాని కింద వేసి ఆయన్ని కూర్చోబెట్టాను. నేను మెట్టు మీద కూర్చున్నాను. బయటి నుంచి చల్లగాలి సన్నగా తగిలింది, బస్సుల హారన్లు వినపడ్డాయి. ఆ వచ్చింది జానెడు సందులోంచే. అయినా గంటన్నరలో లెక్క 22కు దిగింది. నాలుగింటికి మళ్లీ గదిలోకి పోయి పడుకున్నాం. నాకు మెలకువ వచ్చేసరికి ఏడూ నలభై. ఇన్నేళ్లలో సూర్యుడు వచ్చాక నేను పడుకుని ఉన్నది లేదు. ఆ గదిలో సూర్యుడు వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. టోకెను అందలేదు. ఇంకో రోజు ఉండాల్సి వచ్చింది.

నా ఉద్యోగంలో నేను ఇళ్లల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పిన మాట "కిటికీలు తెరవండమ్మా" అన్నదే. టీబీ రోగి ఉన్న ఇంటికి మందులిచ్చి వచ్చేటప్పుడు తప్పకుండా చెప్పేదాన్ని. దగ్గినప్పుడు బయటికి వచ్చే క్రిములు గాలి ఆడని గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి. గాలి అటు నుంచి ఇటు పారితే పలచబడి పోతాయి, ఎండ తగిలితే చస్తాయి. చలికాలం పిల్లలకు గాలి తగులుతుందని కిటికీలకు గోనెపట్టాలు కుట్టేసిన ఇళ్లలో ఆ పట్టాలు నా చేత్తో విప్పినవి ఉన్నాయి. తిట్టినవాళ్లూ ఉన్నారు. కొవిడ్ వచ్చిన 2020లో ఈ మాట లోకం మొత్తం చెప్పింది, అందరూ విన్నారు. అప్పుడే మరచిపోయారా?

ఈ లాడ్జిల్లో దిగేది ఎవరో కూడా చూడండి. నెల్లూరు ఆస్పత్రుల చుట్టుపక్కల గదులు తీసుకునేవాళ్లలో విహారానికి వచ్చేవాళ్లు తక్కువ. కనిగిరి, పామూరు, కందుకూరు, ఆత్మకూరు, ఉదయగిరి వైపుల నుంచి రోగులతో వచ్చేవాళ్లం. ఆపరేషను అయ్యి కుట్లు విప్పేదాకా ఆగేవాళ్లు, పరీక్షల రిపోర్టుల కోసం ఆగేవాళ్లు, దగ్గేవాళ్లు. మాకు ముందు రోజు ఆ మంచం మీద ఎవరు పడుకున్నారో, ఏ జబ్బుతో పడుకున్నారో నాకు తెలియదు. దుప్పటి మార్చారు సరే, గాలిని ఎవరు మార్చారు? రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గాకు వచ్చే లక్షల మందికి ఎక్కడో ఒకచోట తల దాచుకుంటే చాలని ఉంటుంది, వాళ్లు స్వర్ణాల చెరువు గట్టునైనా పడుకుంటారు. అక్కడ గాలికి కొదవ లేదు. రోగికి అలా కుదరదు.

పొద్దున కిందికి దిగి మేనేజరుతో మాట్లాడాను. మర్యాదగానే చెప్పాడు. "ఏసీ రూము అడిగారు, ఏసీ రూము ఇచ్చాం. కిటికీ కావాలని మీవాళ్లు చెప్పలేదు కదమ్మా" అన్నాడు. ఈ ఉత్తరం రాయించింది ఆ మాటే. ఇల్లు అద్దెకు తీసుకునేవాడు తలుపు ఉందా అని అడుగుతాడా? మామూలుగా ఉండేదాన్ని అడగం. లేనిదాన్ని చెప్పాల్సింది ఇచ్చేవాళ్లు. పైగా చెప్పకపోవడంతో ఆగలేదు, దాచారు కూడా. కిటికీ లేని గోడకు కర్టెన్ ఎందుకు కడతారు? ఉన్నదనుకోవాలనే కదా.

ఏసీ ఉంటే కిటికీ ఎందుకనేవాళ్లకు ఒక మాట. మనం మామూలుగా చూసే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో గాలినే లాగి, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. బయట పెట్టిన పెట్టె వేడిని మాత్రమే బయటికి తోస్తుంది. పొగాకు కాల్చే బ్యారన్‌కు కూడా కిందా పైనా వెంటిలేటర్లు ఉంటాయి. ఆకు పసుపు తిరిగేదాకా మూసి ఉంచుతారు, ఆ తర్వాత తేమ పోవడానికి కొద్దికొద్దిగా తెరుస్తారు. తెరవకపోతే ఆకు పాడవుతుంది. ఆ రాత్రి మెట్ల దగ్గర కూర్చుని మా ఆయన చెప్పిన మాట ఇది. ఆకుకు చూసిన జాగ్రత్త మనిషికి చూడలేదన్నారు.

మా చెల్లెలి కొడుకు సివిల్ ఇంజనీరు. ఊరికి వచ్చాక వాణ్ని అడిగాను. మనుషులు ఉండే గదికి నేల వైశాల్యంలో ఇంత వంతుకు తగ్గకుండా కిటికీలు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళిలో ఉందట. మన కోస్తాలాగా వేడీ తేమా ఉండే చోట ఆరో వంతు. అంటే 120 చదరపు అడుగుల గదికి 20 చదరపు అడుగులు. కిటికీ పెట్టకపోతే యంత్రాలతో బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు చేయాలి. పెద్ద భవనాల్లో గొట్టాలు వేసి అలాగే చేస్తారని చెప్పాడు. మాకిచ్చిన గదిలో అదీ లేదు, ఇదీ లేదు.

నిప్పు సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ వణుకు వస్తుంది. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో నిప్పు అంటుకుంది. పొగ మెట్ల మీదుగా పై అంతస్తులకు ఎక్కింది. 8 మంది చనిపోయారు. కొందరు కిటికీల్లోంచి దూకి బతికారు. మా గదిలో ఉన్నది ఒక్కటే తలుపు. అది తెరుచుకునేది ఆ సొరంగంలోకి. పొగ వచ్చేదీ అందులోంచే. తల బయట పెట్టి అరవడానికైనా ఒక సందు ఉండాలా వద్దా?

ఉన్న భవనాలన్నీ కూలగొట్టమని నేను అడగడం లేదు. కిటికీ లేని గదిని కిటికీ లేని గది అని చెప్పి ఇమ్మంటున్నాను. ఫోన్లో డబ్బులు తీసుకునే ముందే చెప్పాలి, కౌంటరు మీద ధరల బోర్డులో రాయాలి, ధర తగ్గించాలి. రైలు దిగి నాలుగు గంటలు నడుం వాల్చి పోయేవాడు తక్కువకు వస్తుందని తీసుకుంటే అది అతని ఇష్టం. ఆయాసం ఉన్నవాళ్లకు, బాలింతలకు, పసిపిల్లలతో వచ్చినవాళ్లకు మాత్రం ఆ గది ఇవ్వకూడదు. గోడల మీద కర్టెన్లు తీసేయాలి. నగరపాలక సంస్థ వాళ్లు, అగ్నిమాపక శాఖ వాళ్లు లాడ్జికి వచ్చినప్పుడు కింద కౌంటర్లో కాగితాలు చూసి పోకుండా, మూడో అంతస్తు దాకా ఎక్కి ఆ కర్టెన్లు ఒకసారి పక్కకు లాగి చూడాలి.

మోసపోయినవాళ్లం కూడా ఊరుకోకూడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవలో లోపానికి ఫిర్యాదు చేయవచ్చు. 1915 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే చెప్పుకోవచ్చు. ఒంగోలులోనూ నెల్లూరులోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. నేను ఆ రోజు రసీదు తీసుకోలేదు. అబ్బాయి పంపిన డబ్బుల మెసేజీ తప్ప నా దగ్గర ఏమీ లేదు. మీరు మాత్రం రసీదు అడిగి తీసుకోండి, గదిని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

రెండో రోజు 300 రూపాయలు ఎక్కువ తీసుకుని మాకు రోడ్డు వైపు గది ఇచ్చారు. తలుపు తీయగానే ఆయన మంచం కూడా చూడకుండా కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కున్నారు. రోడ్డు మీద దుమ్ము, ఆటోల మోత. మూయమంటారేమోనని చూశాను. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నారు.

రెండు నెలలకు మళ్లీ రమ్మన్నారు డాక్టరు గారు. ఈసారి నేనే నాలుగు లాడ్జిలకు ఫోను చేసి, గదికి కిటికీ ఉందా, అది బయటికి తెరుచుకుంటుందా అని అడిగాను. ఒకరు ఉందన్నారు. ఒకరు చూసి చెప్తామని పెట్టేశారు. మిగతా ఇద్దరూ "ఏసీ ఉందమ్మా" అన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్ఎం,
టంగుటూరు, ప్రకాశం జిల్లా