ముందే ఆపిన ట్రయల్స్ అంకెలు: ఔషధ నియంత్రణ అధికారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. మేలు కనిపించిందంటూ గడువుకు ముందే ఆపేసిన మందుల ట్రయల్స్ (రోగులపై జరిపే పరీక్షలు) గురించి ఎన్ని అర్జీలు పెట్టినా మీ కార్యాలయం నుంచి వచ్చే జవాబు ఒక్కటే: ఓబ్రయన్-ఫ్లెమింగ్ హద్దు (మధ్యలో ఆపాలంటే ఫలితం ఎంత బలంగా ఉండాలో ముందే పెట్టుకునే గీత) దాటాకే ఆపారు, పనిచేయని మందు పనిచేసినట్టు తేలే అవకాశం 5 శాతం మించదు. ఆ సంగతి నాకూ తెలుసండీ. మందు పనిచేస్తుందా అన్నదానికి ఆ హద్దు జవాబు. నేను అడుగుతున్నది ఎంత పనిచేస్తుందని.

మీరు ఆమోదించే సారాంశాల్లో ముప్పు ఇంత శాతం తగ్గిందంటూ ముందే ఆపిన సంగతి పట్టించుకోని మామూలు లెక్కతో కట్టిన అంకె, దాని పక్కన మామూలు 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల పరిధి) దర్జాగా అచ్చవుతున్నాయి. మధ్యంతర విశ్లేషణ (ట్రయల్ మధ్యలో ఫలితాలు చూడటం) నాటికి అదృష్టం కూడా కలిసొచ్చిన ట్రయలే త్వరగా హద్దు దాటుతుంది, దాటగానే ఆపేస్తారు. ఇక ఆ అంకె ఉబ్బి ఉండక ఏం చేస్తుంది? 2010లో జామా వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష మీరు చదివే ఉంటారు. చివరిదాకా నడిచిన ట్రయల్స్‌లో సాపేక్ష ముప్పు (మందు లేనివాళ్ల ముప్పుతో పోల్చిన నిష్పత్తి) 0.8 ఉన్న చోట, ముందే ఆపినవాటిలో సగటున 0.57 కనిపిస్తుందని తేల్చారు. అంటే 20 శాతం మేలు కాస్తా 43 శాతం అయింది! ఘటనలు (మరణం, గుండెపోటు లాంటివి) 500 లోపు ఉన్న ట్రయల్స్‌లో ఈ తేడా మరీ ఎక్కువ.

ఐసీయూలో ఇన్సులిన్‌తో రక్తంలో చక్కెరను గట్టిగా అదుపు చేసిన కథ మరిచిపోయారా? 2001లో బెల్జియం ట్రయల్‌ను నాలుగో మధ్యంతర విశ్లేషణలో, 1,548 మంది దగ్గర ఆపారు. ఐసీయూ మరణాలు 8 నుంచి 4.6 శాతానికి తగ్గాయన్నారు. 2009లో 6,104 మందితో నైస్-షుగర్ అనే ట్రయల్ వచ్చేసరికి, చక్కెరను గట్టిగా అదుపు చేసినవాళ్లలోనే మరణాలు ఎక్కువ: 27.5 శాతం, రెండోవైపు 24.9. రోగులు వేరు, పోషణ ఇచ్చిన తీరు వేరు అంటారు, కాదనను. కానీ ఆ మొదటి అంకెను నమ్మి మధ్యలో ఎన్ని ఐసీయూలు పద్ధతి మార్చుకున్నాయి!

ట్రయల్ ఆపొద్దని అనడం లేదు. ప్లసీబో (ఉత్తుత్తి మందు) వాళ్లను ఊరికే ప్రమాదంలో ఉంచమనడానికి నాకేం పిచ్చా? ఆపండి. ఆపాక, ఎన్నిసార్లు చూశారో, ఏ హద్దు పెట్టుకున్నారో రాయండి. ఆగడాన్ని లెక్కలోకి తీసుకుని సవరించిన అంచనాను, ఇంటర్వెల్‌ను అసలు అంకె పక్కనే వేయించండి. పద్ధతులు లేవనకండి, దశాబ్దాలుగా ఉన్నాయి. అంతా ఒకేసారి కుదరదంటే, ఈ ట్రయల్‌ను ముందే ఆపారు, మేలు ఎక్కువగా కనిపిస్తుండవచ్చు అన్న ఒక్క వాక్యమైనా వేయించండి సార్. దానికి కమిటీ కూడా అక్కర్లేదు.

ఇట్లు,
జవాబు కోసం చూస్తున్న ఒక గణాంక ఉద్యోగి